పోస్టు వైరల్ అయింది, మరి మనుషులేరీ?

2012 మార్చి 5న ‘కోనీ 2012’ అనే అరగంట వీడియో యూట్యూబ్‌లోకి వచ్చింది. ఉగాండా సాయుధ ముఠా నాయకుడు జోసెఫ్ కోనీని పట్టుకోవాలన్న ప్రచారం అది. వారం తిరక్కుండానే దాన్ని పది కోట్ల సార్లు చూశారు. ఏప్రిల్ 20 రాత్రి అందరూ వీధుల్లోకి వచ్చి నగరమంతా పోస్టర్లు అంటించాలని అందులోనే పిలుపునిచ్చారు. తీరా ఆ రాత్రి కొన్ని పెద్ద నగరాల్లో వచ్చినవాళ్లు పదుల్లోనే ఉన్నారు. ఆ వీడియో తీసిన సంస్థ మీద ఈలోగా విమర్శలు చెలరేగిన మాటా నిజమే. అయినా పది కోట్లకూ పదులకూ మధ్య ఉన్న అగాధం విమర్శలతో ఏర్పడేది కాదు. వీడియో చూసి కదిలిన మనిషికి, తనతో పాటు వచ్చే పక్కవీధి మనిషి ఎవరో తెలియలేదు.

1955 డిసెంబర్ 1న అమెరికాలోని మాంట్‌గొమరీలో, బస్సులో తెల్లవాళ్లకు సీటు వదలనందుకు నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌ను అరెస్టు చేశారు. కాలేజీ అధ్యాపకురాలు జో యాన్ రాబిన్సన్ ఆ రాత్రంతా కూర్చుని వేల కొద్దీ కరపత్రాలు సైక్లోస్టైల్ తీశారు. సోమవారం ఒక్కరోజు బస్సులెక్కొద్దన్నది వాటిలోని పిలుపు. అలా మొదలైన బహిష్కరణ 381 రోజులు సాగింది. ఇప్పటి లెక్కన ఆ కరపత్రమే పోస్టు. కానీ ఏ కట్ట ఎవరి చేతికి వెళ్లాలో తెలిసిన మహిళా సంఘం అప్పటికే కొన్నేళ్లుగా పనిచేస్తోంది. బస్సు మానేసినవాళ్లను పనికి చేర్చడానికి సొంత కార్లు, ఎక్కే చోట్లు, వేళలు చూసుకునే మనుషులు కుదిరారు. సోషల్ మీడియా మనకు కరపత్రాన్ని దాదాపు ఉచితంగా ఇచ్చింది. మిగతాదంతా ఇప్పటికీ చేత్తో చేసుకోవాల్సిన పనే.

అందుకే పోస్టు రాసేముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇది చదివి కదిలిన మనిషి మరుక్షణం ఏం చేయాలి? షేర్ చేయండి, సంతకం పెట్టండి, సభకు రండి, విరాళమివ్వండి అని ఒకే పోస్టులో నాలుగూ అడిగితే, అన్నిటికన్నా తేలికైన షేర్ నొక్కేసి తన వంతు అయిపోయిందనుకుంటారు. ఒక పోస్టులో ఒకటే అడగాలి. పిలుపు కింద ఒక ఫారం లింకు ఉండాలి. పేరు, ఫోన్ నంబరు, ఉండే ప్రాంతం, ఏ పని చేయగలరు అన్న నాలుగు ప్రశ్నలు చాలు. పది ప్రశ్నలు పెడితే సగం మంది మధ్యలోనే వదిలేస్తారు.

ఫారం నింపినవాళ్లకు 48 గంటల్లోపు ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. మెసేజ్ పెడితే సరిపోదు, మాట్లాడాలి. వారం దాటితే ఏ ఫారం నింపారో వాళ్లకే గుర్తుండదు. ఆ ఫోన్‌లోనే చిన్న పని ఒకటి అప్పగించాలి: ఫలానా రోజు గంటసేపు సంతకాల బల్ల దగ్గర కూర్చోవడమో, తెలిసిన ముగ్గురితో మాట్లాడటమో. వస్తామన్నవాళ్లలో సగం మందే వస్తారని లెక్కేసుకోవడం కార్యకర్తల్లో పాత అలవాటు. ముందురోజు గుర్తుచేసే ఫోన్లు పోకపోతే ఆ సగం కూడా అనుమానమే. ప్రతి కార్యక్రమం తర్వాత ఫారాలు ఎన్ని వచ్చాయి, ఎందరితో మాట్లాడాం, ఎందరు వచ్చారు, వాళ్లలో రెండోసారి వచ్చినవాళ్లెందరు అని రాసి పెట్టుకుంటే లైకుల సంఖ్య చూసి మురిసిపోయే అవసరం తగ్గుతుంది.

గూగుల్ ఫారంతో జరిగే పొరపాట్లు రెండు. సమాధానాలు చేరే షీటును ‘లింకు ఉన్న ఎవరైనా’ చూసేలా వదిలేస్తారు. లేదా ఫారం సెట్టింగుల్లో ఫలితాల సారాంశం అందరికీ కనిపించేలా పెట్టేస్తారు. రెండిట్లో ఏది జరిగినా మీ మద్దతుదారుల పేర్లూ నంబర్లూ ఎదుటివాళ్ల చేతిలో పడే ప్రమాదముంది. లింకు బయటికి పంపేముందు, లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి ఏమేం కనిపిస్తున్నాయో చూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇక అసలు తలనొప్పి వాట్సాప్ గ్రూపు. ఒక గ్రూపులో 1024 మంది పడతారు కదా అని అందరినీ ఒక్కచోటే చేర్చడంతో పని చెడటం మొదలవుతుంది. మొదటిరోజు ఉత్సాహం, మూడోరోజు గుడ్ మార్నింగులు, వారానికి ఇద్దరి మధ్య వాదన. చాలామంది గ్రూపు వదిలిపోరు, మ్యూట్ చేస్తారు. అది అడ్మిన్‌కు కనపడదు. రేపటి సభ స్థలం మారిందని పెట్టిన మెసేజ్ కూడా ఆ మ్యూట్‌లోనే కలిసిపోతుంది. దీనికి మందు రెండంచెల ఏర్పాటు. పైన అడ్మిన్లు మాత్రమే రాయగలిగే ప్రకటనల గ్రూపు ఉండాలి, అందులో రోజుకు ఒకటికి మించి మెసేజ్ పోకూడదు. కింద ప్రాంతాన్నిబట్టో పనినిబట్టో 15, 20 మంది చొప్పున చిన్న గ్రూపులు, ఒక్కోదానికి అందరికీ ఫోన్ చేయగల ఒక బాధ్యుడు. అంతమందిలో ఎవరు కనిపించడం మానేశారో రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

మామూలు గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. దీనివల్ల ముందుగా తప్పుకునేది ఆడవాళ్లే. ఎందుకు వెళ్లిపోయారని అడగడం కూడా ఎవరికీ తోచదు. వాట్సాప్ కమ్యూనిటీలోని ప్రకటనల విభాగంలో సభ్యుల నంబర్లు తోటి సభ్యులకు కనిపించవు కాబట్టి పై అంచెకు అది నయం. గ్రూపు లింకును బహిరంగ పోస్టులో పెట్టడం తగదు. పెట్టక తప్పకపోతే కొత్తవాళ్లను అడ్మిన్ ఆమోదించే సెట్టింగు వేసుకుని, కార్యక్రమం కాగానే లింకు రీసెట్ చేయాలి. టెలిగ్రామ్ గ్రూపులో రెండు లక్షల మంది పట్టినా, ఆ సంభాషణకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే మాట్లాడుకునేవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ, లేదు. చాట్లలో అది ఇద్దరి మధ్య నడిచే సీక్రెట్ చాట్‌కే ఉంది. సిగ్నల్ యాప్‌లో అన్నిటికీ ఉంది. ఏ యాప్ అయినా మరో ఫోన్‌తో స్క్రీన్‌ను ఫొటో తీయడాన్ని ఆపలేదు గనక, ఎదుటివాళ్లు చదివినా ఫర్వాలేదనుకున్నదే గ్రూపులో రాయాలి.

పోస్టర్ గురించి చిన్న మాట. బొమ్మ ఫార్వర్డ్ అయ్యేటప్పుడు దాని కింద రాసిన వివరం చాలాసార్లు ఊడిపోతుంది. అందుకని తేదీ, వేళ, స్థలం, సంప్రదించాల్సిన నంబరు బొమ్మలోనే ఉండాలి. ‘ఈ ఆదివారం’ అని రాసిన పోస్టర్ ఆరు నెలల తర్వాత కూడా తిరుగుతూ జనాన్ని ఖాళీ మైదానానికి పంపుతుంది. సంవత్సరంతో సహా రాయాలి. అదే సమాచారాన్ని మామూలు అక్షరాల్లోనూ ఇవ్వాలి, లేకపోతే చూపులేనివారి స్క్రీన్ రీడర్ చదవలేదు, వెతికినా దొరకదు.

హ్యాష్‌ట్యాగ్ ఉన్నదే సమాచారం దొరకడానికి. 2020 జూన్ 2న ఇన్‌స్టాగ్రామ్‌లో లక్షల మంది అమెరికా నల్లజాతివాళ్లకు సంఘీభావంగా నల్ల చతురస్రాలు పోస్టు చేస్తూ బ్లాక్ లైవ్స్ మ్యాటర్ హ్యాష్‌ట్యాగ్ తగిలించారు. నిరసనల సమాచారం, సాయం చేసేవాళ్ల వివరాలు ఆ నలుపు కింద పూడుకుపోయాయి. సదుద్దేశంతోనే ఇలాంటి నష్టం జరగడం ఈ రంగంలో కొత్త కాదు.

పేజీ మనది కాదన్న సంగతి ఈజిప్టు కార్యకర్తలకు ముందే తెలిసొచ్చింది. పోలీసుల చేతిలో చనిపోయిన ఖాలిద్ సయీద్ పేరిట నడిచిన ఫేస్‌బుక్ పేజీని, నిర్వాహకుడు మారుపేరు వాడాడన్న కారణంతో 2010 నవంబర్‌లో ఫేస్‌బుక్ తొలగించింది. అసలు పేరుతో ఖాతా ఉన్న మరొకరు బాధ్యత తీసుకున్నాకే అది తిరిగొచ్చింది. ఏ పేజీకైనా పూర్తి అధికారాలున్న అడ్మిన్లు కనీసం ఇద్దరుండాలి, ఇద్దరికీ పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే రెండంచెల లాగిన్ ఉండాలి. ఎక్కువసార్లు పేజీ పోయేది పెట్టినవాడు అలిగి వెళ్లిపోవడంతోనే, కంపెనీ తీసేయడం తర్వాతి మాట. ఫోన్ నంబర్ల జాబితా మాత్రం ఎప్పుడూ సంఘం చేతిలో, ఒక కాపీ బయట, భద్రంగా ఉండాలి. 2011 జనవరి 27 అర్ధరాత్రి దాటాక, ప్రభుత్వ వ్యతిరేక నిరసనలు సాగుతున్న ఈజిప్టులో ఇంటర్నెట్ దాదాపు మొత్తం ఆగిపోయింది. మర్నాడు జనం అంతకుముందు కంటే ఎక్కువగా వీధుల్లోకి వచ్చారు. చేరాల్సిన చోటు, వేళ అప్పటికే నోటి మాటగా పాకిపోయాయి. నెట్ పోతే ఒక్కొక్కరు ఏ పదిమందికి ఫోన్ చేయాలో, ఫోన్లూ పోతే ఎక్కడ కలవాలో కాగితం మీద రాసుకుని ఉంచడం పాత పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తుంది.

ఫొటోల విషయంలో తొందర పనికిరాదు. లైవ్ పెడితే పక్కనున్నవాళ్ల ముఖాలు, ఉన్న చోటు అన్నీ వాళ్ల అనుమతి లేకుండానే బయటపడతాయి. రికార్డు చేసి, ముఖాలు మసకబరిచి, కాస్త ఆలస్యంగా పెట్టడం మేలు. ఆ మసకబరచడం బొమ్మ కాపీ మీదే చేయాలి. సాక్ష్యంగా పనికొచ్చే అసలు ఫైలును ఏ మార్పూ చేయకుండా దాచాలి. దాన్ని ఎవరికైనా పంపాల్సివస్తే వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపాలి, ఎందుకంటే ఫొటోగా పంపితే తీసిన తేదీ, స్థలం వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి. అదే కారణంతో, ఎక్కడ తీశారో తెలియకూడని బొమ్మను డాక్యుమెంటుగా పంపకూడదు.

ప్రచారం ముగిశాక గ్రూపుల్ని అలాగే వదిలేస్తే ఏడాదిలో అవి లోన్ యాప్ లింకులకు గోడలవుతాయి. ఏం సాధించామో, ఏది మిగిలిందో చివరి మెసేజ్‌గా పెట్టి, గ్రూపును అడ్మిన్లకే పరిమితం చేయాలి. తర్వాతి పనికి నంబరు ఉంచుకోవచ్చా అని ఒక్కొక్కరినీ అడిగి, వద్దన్నవాళ్ల వరుసను షీటులో నుంచి, దాని కాపీల్లో నుంచి కూడా తీసేయాలి.