ఉప్పెనకు లెక్క ఉంది, ఉప్పుకు లేదు

గోదావరి డెల్టాలోని రాజోలు దీవిలో శంకరగుప్తం డ్రెయిను, అంటే పొలాల మురుగునీటిని సముద్రంలోకి పంపే కాలువ, వైపు వెళితే కొబ్బరితోటలు దూరానికి తోటల్లాగే కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లాకే తెలుస్తుంది, చాలా చెట్లకు తల లేదని. మట్టలు ఒక్కొక్కటే ఎండి రాలిపోయి, మొవ్వు మాడి, మాను ఒక్కటే నిలబడి ఉంటుంది. మొవ్వు పోయిన కొబ్బరిచెట్టు మళ్లీ చిగురించదు. పోటు సమయంలో సముద్రపు నీరు డ్రెయిను గుండా వెనక్కి ఎక్కి తోటల్లో నిలుస్తోంది. ఒక్క రాత్రిలో జరిగే విధ్వంసం కాదు కనుక దీనికి పేరు లేదు.

తుపానుకు పేరుంటుంది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటినదాని పేరు మొంథా. సార్వా వరి నేలవాలింది, అధికారులు వచ్చి పంట నష్టం రాసుకున్నారు. రెండు వారాలు తిరగకుండానే, నవంబరు 10న, బ్రెజిల్‌లోని బెలెమ్‌లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు కాప్-30 మొదలైంది. అక్కడ ఏం జరిగిందో తెలిసిందే. బొగ్గు, చమురు వాడకం నుంచి బయటపడే దారి తుది పత్రంలోకి ఎక్కనే లేదు. నన్ను అంతకంటే ఎక్కువగా బాధిస్తున్నది పాత సంగతి.

2015 పారిస్ ఒప్పందంలోని 8వ అధికరణం వాతావరణ మార్పు తెచ్చే నష్టాన్ని గుర్తించింది. ఆ గుర్తింపు బాధ్యతకు గానీ పరిహారానికి గానీ ఆధారం కాదని ఆ ఒప్పందం కుదిరిన పారిస్ సదస్సు తీర్మానం 51వ పేరాలో సంపన్న దేశాలు రాయించుకున్నాయి. ఆ ఒక్క వాక్యంతో బాకీ కాస్తా దానమైపోయింది. బాకీని నిలదీసి అడగవచ్చు, దానం ఇచ్చేవాడి ఇష్టం. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ సదస్సులో వాతావరణ నష్టాల నిధికి ఒప్పుకున్నారు. మూడేళ్ల తర్వాత బెలెమ్‌లో తొలి విడత దరఖాస్తులు పిలిచింది 25 కోట్ల డాలర్లకు, అదీ వర్ధమాన దేశాలన్నిటికీ కలిపి! అమెరికా ఆ నిధి బోర్డు నుంచి 2025 మార్చిలోనే తప్పుకుంది. అదే ఏడాది జులై 23న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడే బాధ్యతను ఉల్లంఘించిన దేశాలు పూర్తి పరిహారం చెల్లించాల్సి రావచ్చని సలహా అభిప్రాయం ఇచ్చింది. మన ప్రతినిధులు ప్రతి సదస్సులోనూ చదివి వినిపించాల్సిన మాట ఇది.

డ్రెయిన్లలో పూడిక తీయలేదు, ఆక్వా చెరువులు అడ్డగోలుగా తవ్వారు, ఒండ్రు ఎగువ ఆనకట్టల దగ్గరే ఆగిపోతోంది, ఇంట్లో తప్పులు పెట్టుకుని ప్రపంచాన్ని తప్పుపట్టడమేమిటని అనేవారున్నారు. ఆ తప్పులన్నీ నిజమే. కానీ డ్రెయిను పారేది వాలు మీద. డెల్టా అంచున ఆ వాలు అసలే తక్కువ. వాతావరణ మార్పుతో సముద్రమట్టం జానెడు పెరిగినా డ్రెయిను నోటి దగ్గర పోటుదే పైచేయి అవుతుంది. గడియ సరిగా వేసుకోలేదని దొంగను వదిలేస్తామా?

సరే, పరిహారం వచ్చిందే అనుకుందాం. ఎవరి పేరున వస్తుంది? ఎన్నాళ్లుగానో రాస్తున్న మాటే మళ్లీ రాయాలి. ఈ డెల్టాలో నాగలి పట్టేవారిలో ఎక్కువమంది కౌలు రైతులు. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని భయం. మొంథా తర్వాత ఒక పొలంగట్టు మీద కౌలు రైతు తడిసిన వెన్నును నలిపి నా అరచేతిలో పోశాడు. సగం తాలు. పంట నష్టం జాబితాలో ఆయన పేరు లేదు, యజమానికి కౌలు కింద ఇవ్వాల్సిన మక్తా బస్తాలు మాత్రం కొలవాల్సిందే. పారిస్‌లో 51వ పేరా చేసిన పనే ఇక్కడ ఆ సంతకం చేస్తోంది.

బెలెమ్‌లో దరఖాస్తులు పిలిచిన నిధికి మన రాష్ట్రం నుంచి దరఖాస్తు వెళ్లాలి. అందులో ఉప్పెక్కిన ప్రతి ఎకరం ఉండాలి, దాని పక్కన పాసుపుస్తకంలోని పేరు కాక సాగు చేసేవారి పేరు ఉండాలి. చెట్టెక్కి కాయలు దించే దింపు కార్మికులనూ రాయాలి. వారికి భూమీ లేదు, చెట్టూ లేదు. తల లేని చెట్టును ఎవరూ ఎక్కించరు, ఆ రోజు కూలి పోయిందని ఏ రిజిస్టరూ చెప్పదు.