అన్ని శాస్త్రములూ ఇచ్చట ప్రచురించబడును

మొన్న వాట్సాప్‌లో ఒక పోస్టర్ వచ్చింది. ఏదో అంతర్జాతీయ మల్టీ డిసిప్లినరీ జర్నలట, పరిశోధన పత్రాలకు ఆహ్వానం పలుకుతోంది. ఏయే శాస్త్రాల పేపర్లు తీసుకుంటారో కింద జాబితా ఇచ్చారు. తెలుగు, సంస్కృతం, రోబోటిక్స్, గృహవిజ్ఞానం, రాజ్యాంగం, పశువైద్యం, నానో టెక్నాలజీ, యోగా, కామర్స్, భూగర్భశాస్త్రం, లైబ్రరీ సైన్స్, కేన్సర్. ఇంత రాశాక కూడా ఎవరైనా మిగిలిపోయి నొచ్చుకుంటారేమోనని చివర్లో ‘ఇతరములు’ అని చేర్చారు. పేపర్ పంపిన 48 గంటల్లో నిపుణుల పరిశీలన పూర్తి. డబ్బు కట్టిన 24 గంటల్లో ప్రచురణ. సర్టిఫికెట్ ఉచితం. ఫోన్‌పే నంబరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఎడిటర్ పేరు మాత్రం ఎంత వెతికినా కనబడలేదు.

నా ధ్యాసంతా ఆ 48 గంటల మీదే ఉంది. నన్నెచోడుడి ఛందస్సు, రొయ్యల వైట్ స్పాట్ వైరస్, లిథియం బ్యాటరీ, గ్రామసభల కోరం... ఇవన్నీ ఒకే బల్ల మీద పడితే రెండు రోజుల్లో తప్పొప్పులు తేల్చేసే నిపుణుడు ఎవరో ఉన్నారన్నమాట. ఇంతటి సర్వజ్ఞుడు మన మధ్యే తిరుగుతుంటే ఆయన్ని గుర్తించకపోవడం జాతికి అవమానం. వెతికి పట్టుకుని ఏదో ఒక యూనివర్సిటీకి వీసీని చేయాలి. చేసేశారేమో కూడా, చెప్పలేం.

ఇలాంటి నిపుణులు మనకే పరిమితం కాదు లెండి. ఆస్ట్రేలియాలో పీటర్ వాంప్లూ అనే కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు ఇలాంటి ఆహ్వానాలతోనే విసుగెత్తి, 2014లో ఒక జర్నల్‌కు పేపర్ పంపాడు. అది అంతకు తొమ్మిదేళ్ల ముందు ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు సరదాకి తయారుచేసింది. ‘మీ మెయిలింగ్ లిస్టులోంచి నన్ను తీసిపారేయండి’ అన్న ఒక్క వాక్యమే, మధ్యలో ఒక బూతుతో సహా, మొదటి పేజీ నుంచి చివరి దాకా. ఫ్లోచార్టులో అదే మాట, గ్రాఫులోనూ అదే మాట. నిపుణుల పరిశీలనలో దానికి ‘ఎక్సలెంట్’ వచ్చింది. 150 డాలర్లు కడితే వేస్తామన్నారు. అంతకుముందు ఏడాదే, 2013లో, ‘సైన్స్’ పత్రిక తరఫున జాన్ బోహానన్ అనే విలేకరి కావాలనే తప్పులు కుక్కిన ఒక కేన్సర్ మందు పేపర్‌ను 304 జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు అచ్చువేస్తామన్నాయి. ఈ రంగంలో తెలుగువాళ్లం వెనకబడ్డామని ఎవరూ బెంగ పెట్టుకోనక్కర్లేదు. పరిశీలన జరగకుండానే జరిగిందని చెప్పి, కట్టాల్సిన ఫీజులు ముందు దాచిపెట్టి పరిశోధకులను మోసగించారంటూ 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమన్నది ఇలాంటి జర్నళ్లు వేసే మన హైదరాబాద్ ఓమిక్స్ సంస్థనే.

ఈ ఉత్సాహానికి మూలం ఒక పట్టిక. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 జూలైలో ఇచ్చిన నిబంధనల్లో ఉంది. అధ్యాపకుల ఎంపికలు, ప్రమోషన్లు చాలావరకు దాని చుట్టూ తిరుగుతాయి. ఒక పరిశోధన పత్రానికి సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు 8 మార్కులు. భాషలు, సామాజిక శాస్త్రాలు, కామర్స్ వాళ్లకు 10. అంటే ఫిజిక్స్ కంటే ప్రబంధ సాహిత్యం రెండు మార్కులు బరువు. ఆ రోజు తెలుగు శాఖల్లో ఎవరూ స్వీట్లు పంచకపోవడం నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఇద్దరు కలిసి రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం ఇస్తారు. రెండూ కలిపితే 140 అవుతుందని లెక్కల శాఖ వాళ్లెవరూ నోరెత్తలేదు. వాళ్లూ జంటగానే రాస్తున్నారు మరి.

అసలు అందం సదస్సుల వరసలో ఉంది. విదేశంలో పేపర్ చదివితే 7. మన దేశంలోనే జరిగిన అంతర్జాతీయ సదస్సులో చదివితే 5. జాతీయ సదస్సుకు 3, రాష్ట్ర స్థాయికి 2. ఈ లెక్క తెలిశాక కూడా జాతీయ సదస్సు పెట్టే ప్రిన్సిపాల్ ఉంటే ఆయనకు స్టాఫ్ మీద ఏదో పాత కక్ష ఉందని అర్థం.

అలాంటి ఒక ఒకరోజు అంతర్జాతీయ సదస్సుకు ఆ మధ్య వెళ్లాను. ‘శాస్త్ర, సాంకేతిక, మానవీయ, వాణిజ్య రంగాల్లో ఇటీవలి ధోరణులు’ అన్నది అంశం. ఇందులో పట్టనిది ఏముందా అని నేనూ పక్కాయనా చాలాసేపు ఆలోచించాం, తట్టలేదు. పది గంటలకన్నారు, ఎమ్మెల్యే గారు వచ్చేసరికి పన్నెండు కావచ్చింది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, శాలువాలు, మెమెంటోలు. ఆ తర్వాత పరిశోధన పత్రాల సంపుటిని రిబ్బను విప్పి ఆవిష్కరించారు. పత్రాలు ఇంకా ఎవరూ చదవలేదు. అయినా సంపుటి వచ్చేసింది, పుస్తకాలకిచ్చే ఐఎస్‌బీఎన్ నంబరుతో సహా. అంతర్జాతీయత ఎప్పుడొస్తుందా అని చూస్తుంటే తెర మీద జూమ్ తెరుచుకుంది. కాలేజీ కరస్పాండెంట్ గారి మేనల్లుడు, మలేసియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

“బాబూ, మ్యూట్‌లో ఉన్నారు,” అన్నారు ప్రిన్సిపాల్ గారు.

మేనల్లుడి పెదాలు కదులుతున్నాయి.

“మ్యూట్, బాబూ, మ్యూట్!”

అలా కొంతసేపు గడిచాక ఆయన చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. హాలంతా చప్పట్లు. అంతర్జాతీయం పూర్తయింది. అందరికీ ఐదేసి మార్కులు.

భోజనాల తర్వాత టెక్నికల్ సెషన్లు. మాది రూమ్ నంబర్ 12. అధ్యక్షత వహించాల్సిన ప్రొఫెసర్ గారు ఎమ్మెల్యే గారిని సాగనంపడానికి వెళ్లి అటే వెళ్లిపోవడంతో ఫిజికల్ డైరెక్టర్ గారిని కూర్చోబెట్టారు. ఆయన్ని అనడానికి లేదు. ఆ రోజు తన పని తనకు తెలిసిన మనిషి ఆయనొక్కరే. మనిషికి ఐదు నిమిషాలు, నాలుగో నిమిషంలో ఒక బెల్లు, ఐదులో రెండు. మొదట ప్రబంధ నాయికల ఆభరణాలు. తర్వాత గ్రామ పంచాయతీల్లో ఈ-గవర్నెన్స్. ఆ తర్వాత టమాటా ఆకు ఫొటో చూసి తెగులు కనిపెట్టే మెషీన్ లెర్నింగ్. ఒకాయన జీఎస్టీ మీద చదువుతూ చదువుతూ రెండో పేజీలో ఆగి, “ఇది వేరేవాళ్ల పేపర్లో పేజీలా ఉంది సార్, జిరాక్స్‌లో కలిసిపోయింది,” అన్నారు. అధ్యక్షులు పర్వాలేదు కానివ్వండి అన్నారు. కానిచ్చారు. వింటున్నవాళ్లకు తేడా ఏమీ తెలియలేదు.

చర్చ కూడా జరగాలి కదా, రిపోర్టులో రాయాలి. వెనక బెంచీలోంచి ఒక మాస్టారు లేచి టమాటా కుర్రాణ్ని అడిగారు, “ఈ పద్ధతిని ప్రబంధ నాయికలకు అన్వయించవచ్చునా?”

“అన్వయించవచ్చు సార్. ఫ్యూచర్ స్కోప్‌లో పెట్టాం.”

ఇద్దరూ సీరియస్‌గానే ఉన్నారు. నేను నవ్వలేదు. ఇటువంటి శాస్త్ర సమన్వయానికి సాక్షిగా ఉండే అదృష్టం అందరికీ దొరకదు. అప్పటికే సగం మంది సర్టిఫికెట్ల టేబుల్ దగ్గర క్యూలో ఉన్నారు. ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితేగానీ సర్టిఫికెట్ ఇవ్వరు. అన్ని గళ్లలోనూ ‘ఎక్సలెంట్’ టిక్కు పెట్టి పెన్ను పక్కవాళ్లకు అందిస్తున్నారు.

వింత అంశాల మీద పరిశోధన చేస్తే నవ్వే రకం కాదు నేను. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఇద్దరు ఏనుగు ఒంటి మొత్తం విస్తీర్ణం ఎంతో లెక్కగట్టే సూత్రం కనిపెట్టారు. 2002లో వాళ్లకు, నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చి ప్రపంచమంతా నవ్వింది. నవ్వనీండి. వాళ్లు నిజంగా ఏనుగు దగ్గరికి వెళ్లి కొలిచారు. మా రూమ్ నంబర్ 12లో ఏనుగు దాకా వెళ్లినవాళ్లు ఎందరు?

ఒక్కరున్నారు. ఆరో పేపర్. కెమిస్ట్రీ చదువుతున్న అమ్మాయి. శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఊరూరూ తిరిగి బావుల నీళ్లు, బోర్ల నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి పరీక్ష చేసింది. ఏ ఊళ్లో ఏ లోతు బోరులో ఏముందో పట్టిక వేసింది. ఆ పట్టిక సగం చెప్పేసరికి మొదటి బెల్లు. కంగారుపడి ముగింపుకు వెళ్లబోయింది, రెండో బెల్లు. “టైమ్ అయిపోయిందమ్మా, నెక్స్ట్.” ప్రశ్నలు లేవు. నెక్స్ట్ పేపర్ టూవీలర్ కస్టమర్ల సంతృప్తి.

ఉద్దానం అంటే ఏమిటో ఆ గదిలో ఎవరికైనా తెలుసా? కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్లకు ఊళ్లు దశాబ్దాలుగా కిడ్నీలు పాడై మనుషులను పోగొట్టుకుంటున్నాయి. నీళ్లలో ఉందా, పురుగుమందుల్లోనా, ఎండలో పనివల్లనా, రక్తంలోనే ఉందా, ఇప్పటికీ గట్టిగా తేల్చి చెప్పినవాళ్లు లేరు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, దాంతోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. మంచిదే. కానీ ఆ ముడి విప్పాలంటే కెమిస్టు, కిడ్నీ డాక్టరు, భూగర్భం చదివినవాడు, వ్యవసాయం చదివినవాడు, ఇంటింటికీ వెళ్లి మాట్లాడగలిగే సోషియాలజీ వాడు, అందరూ ఒకచోట కూర్చోవాలి. మల్టీ డిసిప్లినరీ అంటే అదే. ఆ రోజు అన్ని శాస్త్రాలవాళ్లూ ఒక కప్పు కింద ఉన్నారు. ఉండి ఏం చేశారు? బెల్లు కొట్టారు. అదే కాలేజీలో జియాలజీ శాఖ ఉంది. పక్క గదిలో ఉన్నారు, సర్టిఫికెట్ల కోసం. ఆ అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగడానికి ఒక్క మనిషికి నోరు రాలేదు. సిగ్గుండాలి. పీహెచ్‌డీ చేసేవాళ్లలో నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ తెచ్చుకున్నవాళ్లకు 2023 నుంచి నెలకు 37 వేలు. సెంట్రల్ యూనివర్సిటీల్లో అది రానివాళ్లకు 8 వేలు. రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలామందికి అదీ లేదు. సీసాలకు, బస్సు చార్జీలకు, ల్యాబ్ పరీక్షలకు తన డబ్బే పెట్టిన పిల్ల దగ్గర పదిహేను వందలు రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకుని ఐదు నిమిషాలు కూడా పూర్తిగా ఇవ్వలేదు మనం.

శాస్త్రాలు కలవడం అంటే ఎలా ఉంటుందో మనవాళ్లకు తెలియక కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి భాషాశాస్త్రవేత్త. నాగలికీ ఆయన చదువుకూ పొత్తు ఏమిటి? ఐనా మేడిని, నొగను, కర్రును ఏ జిల్లా రైతు ఏ పేరుతో పిలుస్తాడో పొలాల దాకా వెళ్లి సేకరించే పని పెట్టుకున్నారు. 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో వచ్చింది, తర్వాత చేనేత పదాలతో మరొకటి. అది భాషకూ పనికొచ్చింది, వ్యవసాయానికీ పనికొచ్చింది. 48 గంటల్లో మాత్రం కాలేదు.

యూజీసీకి ఇదంతా తెలియదనుకోకండి. 2018 మేలో తాను ఆమోదించిన జర్నళ్ల జాబితాలోంచి 4,305 జర్నళ్లను తీసేసింది. 2019లో కేర్ అని కొత్త జాబితా పెట్టింది. 2025 ఫిబ్రవరిలో ఆ కేర్ కూడా ఎత్తేసి, ఏ జర్నల్ మంచిదో ఎవరికి వాళ్లే తేల్చుకోండని విద్యాసంస్థలకే అప్పజెప్పింది. నేను వెళ్లిన కాలేజీలో అందుకు కమిటీ అప్పుడే వేసేశారట. జర్నళ్ల సంగతి బాగా తెలిసినవాళ్లు కావాలి కాబట్టి, ఇప్పటిదాకా ఎవరు ఎక్కువ పేపర్లు వేశారో చూసి సీనియారిటీ ప్రకారం సభ్యులను తీసుకున్నారు.