పుర్రచేతి బేస్ మీద తిరుగుతున్న ఆ మెసేజ్ సంగతి

క్రిస్మస్ ప్రోగ్రాములు దగ్గర పడేసరికి మా నెల్లూరు వాయిద్యగాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలైంది. నాకే ఆరుగురు పంపారు. వాళ్ళకు తెలిసినంతలో పుర్రచేత్తో బేస్ వాయించేవాణ్ణి నేనొక్కణ్ణే మరి. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: 1960ల నాటి ఎడమచేతి బేస్ గిటార్ ఏది దొరికినా లక్షలే. సీరియల్ నంబర్ చూస్తే ఏడాది తేలిపోతుంది. ఇంత అరుదైన సరుక్కి నకిలీ చేసే ఓపిక ఎవరికీ ఉండదు. రంగు లేచిపోయి, స్క్రూలు తుప్పు పట్టి ఉంటే పాతదని ఖాయం. పాత సామాను కాబట్టి విదేశం నుంచి తెప్పించుకోవడానికి కాగితాలేమీ అక్కర్లేదు. చివర్లో బీటిల్స్ బ్యాండ్‌లో పుర్రచేత్తో బేస్ వాయించిన పాల్ మెకార్ట్‌నీ పోగొట్టుకున్న బేస్ అటక మీద దొరికిన కథ, "మీ అటక కూడా ఒకసారి చూసుకోండి" అన్న సలహా.

అటక చూసుకోవడంలో తప్పు లేదు. తప్పంతా మిగతా వాటిలోనే ఉంది.

ముందు సీరియల్ నంబర్ విషయం, ఎందుకంటే నా డబ్బు పోయింది అక్కడే. అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్‌నే తీసుకోండి. 1954 ప్రాంతం నుంచి 1976 దాకా వాళ్ళ గిటార్ నంబర్ ఉండేది వెనకవైపు నెక్‌ను బాడీకి బిగించే ఇనుప ప్లేట్ మీద. నాలుగు స్క్రూలు విప్పితే ఆ నంబర్ ఇంకో గిటార్‌కి వెళ్ళిపోతుంది. పైగా ఫ్యాక్టరీలో ప్లేట్లను వరస ప్రకారం బిగించలేదు, డబ్బాలో చేతికి ఏది వస్తే అది వేశారు. అందుకే పట్టికల్లో ఒక ఏడాది నంబర్లు పక్క ఏడాదిలోకి జొరబడతాయి. ఆ ప్లేట్ కుడిచేతి గిటార్‌దా, ఎడమచేతి దానిదా అన్నది నంబర్ చెప్పనే చెప్పదు.

పదేళ్ళ కిందట మద్రాసులో ఒకాయన దగ్గర "1966 జాజ్ బేస్, ఎడమచేతిది" అని ఒకటి కొన్నాను. జాజ్ బేస్ అంటే ఫెండర్ వాళ్ళ మోడల్. ప్లేట్ నంబర్ పట్టికలో చక్కగా 1966కే వచ్చింది. ఇంటికొచ్చి మంచం మీద పాత దుప్పటి పరిచి, నాబ్‌ల కింది రేకు విప్పాను. వాల్యూమ్ తిప్పే పాట్ వీపు మీద 1379417 అని ఉంది. మొదటి మూడంకెలు తయారీదారు గుర్తు: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. తర్వాతి రెండూ ఏడాది, చివరి రెండూ వారం. అంటే నా 1966 బేస్‌లో 1994 పదిహేడో వారం నాటి పాట్ కూర్చుని ఉంది. ఎవరో రిపేరులో మార్చి ఉంటారులే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. నెక్ ఊడదీశాక ఆ ఊరట కూడా పోయింది. నెక్ బాడీలో కూర్చునే చివరని మడమ అంటాం, అక్కడ ఫ్యాక్టరీ వాళ్ళు వేసే నెల, ఏడాది ముద్ర లేదు. ఉండి చెరిగిపోయిన జాడా లేదు, కొత్త చెక్క తెల్లగా నవ్వుతోంది. ప్లేట్ అసలైనదే కావచ్చు, దాని కిందున్న గిటార్ మాత్రం కాదు.

పాట్ అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదు. 'ఇంతకంటే ముందుది కాదు' అని మాత్రమే అది చెప్పగలదు. ఫెండర్ వాళ్ళు 1966లో పాట్‌లు గుట్టలుగా కొని నిల్వ చేశారు, అవి 1969 ప్రాంతం గిటార్లలో కూడా కనపడతాయి. కాబట్టి 66 పాట్ ఉన్న 68 గిటార్‌ని చూసి కంగారు పడక్కర్లేదు.

నెక్ మడమ ముద్రతో ఇంకో చిక్కుంది. కావలి నుంచి ఒక తమ్ముడు ఫొటో పంపి, "అన్నా, 7 జూన్ 66 అని ఉంది, జూన్ ఏడో తేదీ మా పెళ్ళిరోజు, ఇది నాకోసమే పుట్టింది" అన్నాడు. ఆ 7 తేదీ కాదు, మోడల్ గుర్తు. ఆ రోజుల్లో జాజ్ బేస్ నెక్‌కి 7 వేసేవాళ్ళు. తర్వాత నెల, ఏడాది, చివర నెక్ వెడల్పు చెప్పే అక్షరం. అది విని తమ్ముడు పాపం చాలాసేపు మాట్లాడలేదు.

నకిలీ చేసే ఓపిక ఎవరికీ ఉండదన్న మాటకి నాకు నవ్వొచ్చింది. పక్కన పెట్టి పోల్చి చూసుకోవడానికి ఇంకోటి దొరకని సరుకులోనే మోసం సులువు. కొత్తగా కోసిన ఎడమచేతి బాడీకి పాత ప్లేట్ బిగిస్తారు. లేదా కుడిచేతి దాన్నే తిరగేసి నట్ (నెక్ కొసన తీగలు ఆనే గాట్ల ముక్క) మార్చి, నాబ్‌లు అటు నుంచి ఇటు పెడతారు. రెండోది పట్టుకోవడం తేలిక. నేను బెల్టు తగిలించుకుని కిందికి చూస్తాను. వేలు ఎక్కడ పెట్టాలో గుర్తుకోసం నెక్ అంచున వేసే చుక్కలు నా కంటికి కనపడాలి. అవి నేలవైపు ఉంటే ఆ నెక్ కుడిచేతి వాళ్ళది. రెండు అంచుల్లోనూ చుక్కలుండి, ఒక వరస పూడ్చినట్టు కనపడితే ఇక బేరం ఆడక్కర్లేదు. ఫెండర్ అయితే తీగలు బిగించే మరలు పైకి ఉండాలి, తిరగేసిన దానికి అవి నేలచూపులు చూస్తుంటాయి. బెల్టు గుండీ పాత రంధ్రం పూడ్చారేమో గోటితో తడిమి చూడండి.

తుప్పు సాక్ష్యం మా జిల్లాలో చెల్లదు. మైపాడు వైపు రెండు సీజన్లు పెళ్ళి ప్రోగ్రాములకు తిప్పండి, నిన్న కొన్న గిటార్ స్క్రూలు కూడా తాతల నాటివి అయిపోతాయి. రంగు లేవడం సంగతి సరేసరి. కావాలని గీకి, రాపాడించి పాతగా చేసిన గిటార్లను ఫెండర్ కస్టమ్ షాపే 1995 నుంచి అమ్ముతోంది. దానికంటే దొంగ కరెన్సీ నోట్లు పట్టే అల్ట్రావయొలెట్ టార్చ్ నయం. చీకట్లో ఆ వెలుతురు వేస్తే, అప్పట్లో గిటార్లకు పూసిన నైట్రో లాకర్ అనే పాత పూత పసుపు, ఆకుపచ్చ కలిసినట్టు వెలుగుతుంది, తర్వాత పూసిన చోటు విడిగా తెలుస్తుంది. 1968 ప్రాంతం నుంచి ఫెండర్ పాలిస్టర్ పూతకి మారింది కాబట్టి ఆ తర్వాతి వాటికి ఈ పరీక్ష అంతగా పనికిరాదు.

అరుదైతే లక్షలే అన్నది సగం నిజం. చేసినవి తక్కువ, ఒప్పుకుంటాను. కొనేవాళ్ళు మాత్రం ఎంతమంది? పుర్రచేతి వాటం ఉండాలి, బేస్ వాయించాలి, చేతిలో డబ్బుండాలి. పైగా పుర్రచేతి వాళ్ళలో చాలామంది కుడిచేత్తోనే నేర్చుకుంటారు, చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం తింటే వీపు విమానం మోత మోగిన తరం కదా మాది.

ఇక కాగితాలు. 1959 నుంచి 60ల మధ్యదాకా చాలా ఫెండర్ బేస్‌ల ఫ్రెట్‌బోర్డు, అంటే నెక్ మీద వేళ్ళు నొక్కే పలక, బ్రెజిల్ రోజ్‌వుడ్. ఆ చెట్టు 1992 నుంచి సైటీస్ (అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది. పాతదైనా సరే అనుమతి పత్రం కావాల్సిందే. తయారై పూర్తయిన వాయిద్యాలకు 2019లో ఇచ్చిన సడలింపు మిగతా రోజ్‌వుడ్‌లకే, దీనికి కాదు.

మెకార్ట్‌నీ కథ నిజమే. 1961లో హాంబర్గ్‌లో కొన్న జర్మన్ కంపెనీ హాఫ్నర్ 500/1 బేస్, 1972లో లండన్‌లో వ్యాన్‌లోంచి పోయింది, 2024లో దొరికిందని ప్రకటించారు. కానీ మెసేజ్ వదిలేసిన ముక్క ఒకటుంది. ఆ బేస్‌కి 1964లో కొత్త రంగు వేయించి, తీగల ధ్వనిని పట్టే రెండు పికప్‌లనూ కలిపి ఒకే చెక్క ఫ్రేమ్‌లో బిగించారు. అలాంటిది ఇంకో దాని మీద కనపడదు. ఆ మార్పులన్నీ ఫొటోలకెక్కి ఉన్నాయి, పోయిన సంగతి అందరికీ తెలుసు, హాఫ్నర్ వాళ్ళే చూసి అదేనని ధ్రువీకరించారు. మన అటక మీది దానికి అలా కనీసం ఒక్క పాత ఫొటో ఉందేమో వెతకండి. చెక్క గీతలు, పిక్‌గార్డ్ మీది తాబేటిచిప్ప మచ్చలు రెండు గిటార్లకు ఒకేలా ఉండవు, ఫొటోతో పోల్చుకోవచ్చు.

నా బేస్ ఇంకా నా దగ్గరే ఉంది, ఆదివారాలు చర్చిలో బాగానే మోగుతుంది. అమ్ముతావా అని అడిగినవాళ్ళకు ముందుగా ఆ పాట్ వీపు ఫొటో పంపిస్తాను. ఇప్పటికి ఇద్దరు అడిగారు. ఇద్దరూ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.