కర్మాగారం లెక్క చెప్పాలి, రాష్ట్రం చెప్పనక్కర్లేదా?

కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో నడిచే ప్రతి కర్మాగారమూ తాను ఎంత నీరు వాడిందో, ఎంత ముడిసరుకు ఖర్చు చేసిందో, గాలిలోకి, నీటిలోకి ఏమేమి వదిలిందో ఏటా సెప్టెంబరు 30లోగా ఫారం-5లో రాసి ఇవ్వాలి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో 14వది చెప్పేది ఇదే. ఆ లెక్కల్లో నిజమెంతో కర్మాగారాల కాలుష్యానికి పేరుపడ్డ పటాన్‌చెరు వాసులను అడిగితే తెలుస్తుంది, అది వేరే సంగతి. లెక్క చెప్పాలన్న బాధ్యతైనా కర్మాగారానికి ఉంది. ఆ లెక్క అడిగే ప్రభుత్వానికి మాత్రం తన ఏలుబడిలోని నదులు, చెరువులు, అడవులు, గాలి నిరుటి కంటే మెరుగుపడ్డాయో, చెడ్డాయో ఏటా ప్రజలకు చెప్పాలన్న చట్టబద్ధ బాధ్యత లేదు. ఏటా పర్యావరణ స్థితి నివేదిక ఇవ్వాలన్న ఆ బాధ్యతను తెలుగు రాష్ట్రాలు రెండూ తమంతట తాము చట్టం చేసి నెత్తిన వేసుకోవాలి.

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వార్షిక నివేదిక శాసనసభ ముందుకు రావలసిందే కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, కానీ ఆ నివేదికలో ఉండేది మండలి కార్యకలాపాల వివరం. ఎన్ని అనుమతులు ఇచ్చారు, ఎన్ని నమూనాలు పరీక్షించారు, ఎన్ని నోటీసులు పంపారు అన్నది ఒక సంగతి. మూసీ నీరు ఎలా ఉంది అన్నది మరో సంగతి. ఆసుపత్రి ఎంతమందికి చీటీలు రాసిందో చెప్పినంత మాత్రాన ఊరి ఆరోగ్యం సంగతి తెలియదు.

తక్కిన సమాచారమంతా చెల్లాచెదురుగా పడి ఉంది. భూగర్భజలాల అంచనా 2022 నుంచి ఏటా వస్తోంది. జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్‌లో 13, తెలంగాణలో 4 నగరాలను గాలి ప్రమాణాలు అందుకోలేనివిగా గుర్తించారు. అడవుల నివేదికను కేంద్ర సంస్థ 1987 నుంచి రెండేళ్లకోసారి ఇస్తోంది. 2021 నివేదికలో అటవీ విస్తీర్ణం పెరుగుదలలో 647 చదరపు కిలోమీటర్లతో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో, 632తో తెలంగాణ రెండో స్థానంలో నిలిచాయి. అయితే ఆ నివేదిక నిర్వచనంలో హెక్టారుకు మించిన నేలలో పది శాతం చెట్ల నీడ ఉంటే చాలు, అది ఎవరి భూమైనా, ఏ చెట్టైనా అడవి కిందికే వస్తుంది. మామిడి తోటా అడవే, కాగితపు మిల్లుకు పెంచిన సుబాబుల్ తోటా అడవే. నల్లమలలో ఎంత పోయింది, తోటల్లో ఎంత వచ్చింది అని విడదీసి చెప్పమని రాష్ట్రాన్ని అడిగే వేదిక లేదు. కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 3న ఆపించినప్పుడు, అసలు అది అడవేనా అన్న వాదన నడిచింది. అక్కడ ఏ జీవులు, ఏ చెట్లు, ఎన్ని ఉన్నాయో ఏటా నమోదై ఉంటే ఆ వాదన బుల్డోజర్లు వచ్చాక మొదలయ్యేది కాదు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మన గణాంకాలకు జిల్లాయే ఆధారం. ఆ జిల్లా హద్దులను మనమే చెరిపేశాం. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత నల్లగొండ జిల్లా పేరిట నమోదైన ఫ్లోరైడ్ లెక్కలను ఇప్పుడు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల మధ్య పంచుకుని చూడాలి. కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల నడుమ ఉండిన కొల్లేరు ఇప్పుడు చాలావరకు ఏలూరు జిల్లాలో ఉంది. ఇరవై ఏళ్ల కిందటి జిల్లా లెక్క పక్కన ఇవాళ్టి జిల్లా లెక్క పెట్టి చూస్తే ఏమీ తేలదు. పరిపాలనా సౌలభ్యం కోసం గీతలు మార్చుకోవచ్చు, నీటికి ఆ గీతలతో పని లేదు. అందుకే ఈ పర్యావరణ నివేదికను జిల్లా ఆధారంగా కాక నదీ పరీవాహకం, చెరువు, స్థిరమైన పరీక్షా కేంద్రం ఆధారంగా రాయాలి. అదే బావి, అదే వాగు, అదే కూడలి, ఏటా అదే నెల.

నివేదికలు ఇప్పటికే ఎక్కువయ్యాయని, మండళ్లలో సిబ్బందే చాలడం లేదని, గాలి నాణ్యత గంట గంటకూ ఫోనులోనే కనబడుతోందని అధికారులు అంటారు. సిబ్బంది కొరత మాట నిజం. ఫోనులోని అంకె మాత్రం ఇప్పటి గాలిని చూపుతుందే తప్ప, పదేళ్ల కింద ఎలా ఉండేదో, ఇచ్చిన మాట ఏమైందో చెప్పదు.

నివేదికను ఎవరు రాయాలన్నదే కీలకం. శాఖ చేత రాయిస్తే అది మొక్కలు నాటిన ఫొటోల సంచిక అవుతుంది. ప్రభుత్వ ఖర్చుపై కాగ్ నివేదికను చట్టసభ ముందు ఉంచాలని రాజ్యాంగంలోని 151వ అధికరణం చెబుతోంది. పర్యావరణానికీ అలాంటి స్వతంత్ర అధికారి కావాలి. విడుదల తేదీని కూడా చట్టంలోనే రాయాలి. ఆస్ట్రేలియాలో 2021 నాటికి అయిదేళ్లకోసారి ఇలాంటి నివేదిక చట్టప్రకారం తప్పనిసరి. అయినా 2021 నివేదిక ఆ డిసెంబరులోనే మంత్రికి చేరినా, ఎన్నికలు ముగిసి ప్రభుత్వం మారాక, 2022 జులై 19న గానీ ప్రజలకు అందలేదు. తేదీ మంత్రి చేతిలో ఉంటే ఎక్కడైనా అంతే.

మన దగ్గర ఆ తేదీ బడ్జెట్‌కు ముందే ఉండాలి, సామాజిక, ఆర్థిక సర్వేతో పాటే. ఎందుకంటే ఆ సర్వే ఘనంగా చాటే రాష్ట్ర స్థూలోత్పత్తి జమ మాత్రమే రాసుకుని ఖర్చు రాయని చిట్టా. డెల్టాలో రొయ్యల చెరువు తవ్వితే దాని దిగుబడి స్థూలోత్పత్తిలో చేరుతుంది. దాని ఉప్పునీరు ఊటగా దిగి పక్క రైతు వరిచేను చౌడుబారితే ఆ నేల కోల్పోయిన సారం ఎక్కడా తీసివేత కాదు. ఊరి బావి పాడై జనం నీళ్ల క్యాన్లు కొనుక్కుంటే ఆ కొనుగోలు కూడా ఆదాయంగానే కలుస్తుంది. ఏటిలో తవ్విన ఇసుక గనుల రంగం వృద్ధి. దానివల్ల దిగిపోయిన నీటిమట్టం, లోతు పెంచుకోవలసిన బోరు, రైతు చేసిన అప్పు ఎవరి ఖాతాలోనూ ఉండవు. రెండంకెల వృద్ధి అని సభలో బల్లలు చరిచేవారి ముందు, అదే రోజు, ఈ రెండో పుస్తకం కూడా ఉండాలి.

మొదటి నివేదికను ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలిసిన విషయమే. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో వైద్య పరిశోధకులు తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, ఆ తర్వాత ప్రకాశంలో కలిసిన పల్లెల్లో. ఆ బావుల్లో ఈ ఏడాది ఫ్లోరైడ్ ఎంత, నిరుడు ఎంత?