నీడ కోసం మూడు గంటలు

రాత్రి 11 నుంచి 2 దాకా ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే వీడియో గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ముందు ఒక్క నీడ కోసం కూర్చున్నాను. టైటిల్‌లో మూడు వరుసల త్రీడీ అక్షరాలు, వెనక గోడలా ఒక సాలిడ్ (ఒకే రంగు నిండిన లేయర్, అంటే పొర), ముందు నుంచి స్పాట్ లైట్. అక్షరాలు ధగధగా మెరుస్తున్నాయి, గోడ మీద మాత్రం నీడ జాడే లేదు. లైట్‌లో షాడోస్ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేశాను. అక్షరాల మెటీరియల్ ఆప్షన్స్‌లోనూ (వెలుగుకి ఎలా స్పందించాలో చెప్పే సెట్టింగ్స్) ఆఫే. అదీ ఆన్ చేశాను. వెలుగు వెంట తనంతట తానే రావాల్సిన నీడని ఇన్నిచోట్ల అడుక్కోవాలా? అయినా రాలేదు!

చివరికి దొరికింది. రంగు సరిచేద్దామని అక్షరాలకీ గోడకీ మధ్య పెట్టిన అడ్జస్ట్‌మెంట్ లేయర్ (తన ఎఫెక్ట్‌ని కింది లేయర్లన్నిటికీ వర్తింపజేసే పొర). అది టూడీ. టైమ్‌లైన్‌లో మధ్యన టూడీ లేయర్ ఒక్కటి ఉన్నా పైన ఉన్న త్రీడీ లేయర్లు ఒక గుంపు, కింద ఉన్నవి ఇంకో గుంపు అయిపోతాయి. రెండూ విడివిడిగా రెండర్ అవుతాయి, ఒకదాని నీడ రెండోదాని మీద పడదు. ఆ మాట చెప్పే చిన్న హెచ్చరికైనా నా కంట పడలేదు, అదే నా బాధ. మనమేమో లైట్‌ని అటూ ఇటూ జరుపుతూ తెల్లార్లూ కూర్చోవాలి.

ఎఫెక్ట్‌ని నేరుగా గోడ లేయర్ మీదే వేసి, ఆ అడ్జస్ట్‌మెంట్ తీసేశాను. నీడ పడింది. అంచులన్నీ మెట్లుమెట్లుగా! షాడో మ్యాప్ రిజల్యూషన్ (నీడని ఎంత సూక్ష్మంగా గీయాలో చెప్పే సెట్టింగ్) పెంచితే అంచులు నునుపెక్కాయి గానీ, ఇప్పుడు ప్రివ్యూ కదలనంటోంది.