లైట్లు చూసేవాళ్లతో జాగ్రత్త

నెట్ పోయిందంటే మన ఇళ్లలో తరతరాలుగా ఒకటే వైద్యం. నాన్నగారు హాల్లోంచి కేకేస్తారు, పిల్లాడు పరిగెత్తి రౌటర్ స్విచ్ ఆపి టక్కున వేస్తాడు. రాకపోతే మరోసారి. ఇంత చక్కటి ఆచారానికి ఇప్పుడు ముప్పొచ్చింది. కొందరు డబ్బా మీద లైట్లు చూడటం మొదలెట్టారు.

ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా మినుకుమంటోందంటే బయటినుంచి ఫైబర్ అనే గాజు తీగలో రావాల్సిన వెలుగు సంకేతం డబ్బాదాకా రావడం లేదట. ఫైబర్ ఎక్కడో తెగిందో, సోఫా కాలికింద నలిగిందో, మరీ బిగువుగా మడతపడి వెలుగు మలుపులోనే కారిపోతోందో. స్విచ్‌ని వందసార్లు నొక్కినా లాభం లేదట. రెండు సెకన్లలో ఇది తేల్చేస్తే సాయంత్రమంతా ఇంటిల్లిపాదీ ఏం చెయ్యాలి?

పాన్ లైటు (కంపెనీతో ఫైబర్ కలిసిందని చెప్పేది) నిలకడగా పచ్చగా ఉండి ఇంటర్నెట్ లైటు ఒక్కటే వెలగకపోతే తీగ తప్పు కాదు, లాగిన్‌లో తేడా లేదా బిల్లు కట్టలేదు. ఈ రెండో మాట పైకి అనడం సంసారానికి అంత మంచిది కాదు. సర్వర్ డౌన్ అనుకుంటే అందరికీ మర్యాద.

లైట్లన్నీ బాగుండి ఫోన్లో మాత్రం రావట్లేదా? ల్యాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ పెట్టి చూడమంటారు వీళ్లు. కేబుల్లో వస్తే డబ్బా నిర్దోషి, దోషం వైఫైది. ఇనప బీరువా మీద, టీవీ వెనక, పైన లేసు గుడ్డ కప్పి గౌరవంగా కూర్చోబెట్టిన వస్తువు మీదా నిందలు! వైఫై రెండు బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువే గానీ గోడలు అడ్డొస్తే నీరసిస్తుంది. 2.4 దూరం పోతుంది, కానీ అక్కడ 1, 6, 11 అని ఒకదానికొకటి తగలని ఛానళ్లు మూడే. అపార్ట్‌మెంటులో నలభై ఇళ్లూ వాటిమీదే. పైగా ఎదురింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పెడితే అదీ అదే గాలిలో. (300 ఎంబీపీఎస్ వేగం ప్లాన్ తీసుకున్నా 95 దాటట్లేదని ఏడ్చేవాళ్లు ల్యాన్ కేబుల్ కొస చూసుకోండి. ఎనిమిది తీగల్లో నాలుగే బిగించిన పొదుపరి ఎవరో ఉంటాడు.)

ఆపాక 30 సెకన్లు ఆగమనీ, వేశాక రెండు మూడు నిమిషాలు తాకొద్దనీ ఇంకో ఉపదేశం. మనం నిమిషంన్నరకే మళ్లీ ఆపేస్తాం కాబట్టి పాపం దానికి పూర్తిగా లేచి కూర్చునే భాగ్యం దక్కదు.

అయినా రాకపోతే పెద్దల చివరి అస్త్రం పిన్నీసు. రీసెట్ కన్నంలో గుచ్చి పది సెకన్లు నొక్కిపట్టాలి. అంతవరకూ నెమ్మదిగానైనా వస్తున్న నెట్ ఆ దెబ్బతో శాశ్వతంగా విశ్రాంతి తీసుకోవచ్చు, ఎందుకంటే కంపెనీ లైన్లోకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమూ పాస్‌వర్డూ, ఆ లైన్‌కి కంపెనీ ఇచ్చిన వీల్యాన్ నంబరూ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ వివరాలు కనెక్షన్ ఇచ్చిన కుర్రాడి దగ్గరే ఉంటాయి. అతను సోమవారం వస్తానన్నాడు. ఈలోగా స్విచ్ ఉండనే ఉంది.