లేబుల్ దగ్గరే ఆగిన సంస్కరణ

1906 జూన్ 30న అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ రెండు చట్టాలపై సంతకం చేశారు. ఒకటి మాంసం తనిఖీకి, రెండోది ఆహారం, ఔషధాల స్వచ్ఛతకు. బడా వ్యాపారుల మెడలు వంచి ప్రజలు సాధించిన విజయమని దీన్ని చెప్పుకోవడం మామూలే. నాకు మాత్రం అందులో సగమే నిజం కనిపిస్తుంది.

మాంసం సంగతే చూడండి. షికాగో కబేళాల మీద అప్టన్ సింక్లెయిర్ రాసిన నవల చదివి జనం గగ్గోలు పెట్టారు. ఆయన చెప్పదలచుకున్నది కార్మికుల గోడు, పాఠకులకు కనిపించింది తమ పళ్లెంలోని మాంసం! అప్పటికే ఐరోపా దేశాలు అమెరికా మాంసాన్ని అనుమానంగా చూస్తున్నాయి. సర్కారు ముద్ర పడితే ఎగుమతులు నిలబడతాయని పెద్ద కంపెనీలకు తెలుసు. కాబట్టి తనిఖీ కంటే దాని ఖర్చు మీదే వాటి పేచీ ఎక్కువ. ఆ ఖర్చు కంపెనీలే భరించాలని, డబ్బాల మీద తేదీ వేయాలని సెనేటర్ బెవరిడ్జ్ పట్టుబట్టారు. రెండూ వీగిపోయాయి. ఏటా 30 లక్షల డాలర్ల భారం ఖజానా మీద పడింది.

ఆహార చట్టం వెనుక ఉన్న శ్రమ వేరు. వ్యవసాయ శాఖ రసాయనవేత్త హార్వీ వైలీ 1902లో 12 మంది యువకులకు ఉచిత భోజనం పెట్టించారు, అందులో బోరాక్స్ కలిపి. ఆహారం చెడిపోకుండా కంపెనీలు వాడుతున్న రసాయనమది. మొదట వెన్నలో దాచారు. కుర్రాళ్లు పసిగట్టి వెన్న ముట్టడం మానేశారు. పాలలో కలిపితే పాలు వదిలేశారు. చివరికి దాపరికం మాని క్యాప్సూల్స్‌లో నింపి మింగించారు. పత్రికలు వారికి ‘విష దళం’ అని పేరు పెట్టాయి.

అంత కష్టపడి తెచ్చిన చట్టానికి మందుల విషయంలో కోరలు లేవు. క్యాన్సర్ నయం చేస్తానంటూ నకిలీ మందు అమ్మిన ఒక వైద్యుడి కేసులో 1911లో సుప్రీంకోర్టు ఏమందంటే, సీసాలో ఏముందన్నదాని మీద అబద్ధమాడితేనే నేరం, జబ్బు తగ్గుతుందని అబద్ధమాడితే కాదు. మరుసటి ఏడాది సవరణ వచ్చింది కానీ, మోసం చేసే ఉద్దేశం ఉందని ప్రభుత్వమే రుజువు చేయాలట. అమ్మేవాడి మనసులో దూరి చూడగలిగిన ఇన్‌స్పెక్టరు ఎక్కడ దొరుకుతాడు?

1937లో ‘ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్’ అనే ద్రవ మందు తాగి వందమందికి పైగా చనిపోయారు, వారిలో పిల్లలూ ఎందరో ఉన్నారు. మందును కరిగించడానికి వాడింది డైఎథిలిన్ గ్లైకాల్ అనే విష ద్రావకం. దగ్గు మందుల వార్తల్లో మనమూ విన్న పేరే. అధికారులు ఊరూరా తిరిగి సీసాలు స్వాధీనం చేసుకున్నారు. అయితే చట్టం దృష్టిలో ఆ సీసాల తప్పు విషం కాదు. ‘ఎలిక్సిర్’ అని పేరు పెట్టిన మందులో ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు. అంతే. లేబుల్ మీద ‘సొల్యూషన్’ అని అచ్చు వేసి ఉంటే ఆ సీసాలను ముట్టుకునే అధికారమే వారికి ఉండేది కాదు. అమ్మడానికి ముందే మందు సురక్షితమని కంపెనీ చూపించాలన్న నిబంధన 1938లో వచ్చింది.